ఏడు తెలుపులు, రెండు చుక్కల నీలం

మా అత్త రుక్మాబాయికి ఏడు రకాల తెలుపులు తెలుసు. మనలాంటివాళ్లం తెల్లగా ఉన్నదాన్ని తెలుపు అని ఊరుకుంటాం. ఆమె ఊరుకోదు. పాల తెలుపు, పెరుగు తెలుపు, సున్నం తెలుపు, మల్లె తెలుపు, అటుకుల తెలుపు, జొన్నపిండి తెలుపు అని ఆరు చెప్పి, ఏడోదానికి ముక్కు ముడిచి "అవతల పెట్టు" అంటుంది. ఆ ఏడో రకం పేరే 'అవతల పెట్టు' అని కాపురానికొచ్చిన కొత్తలో నేను చాలా రోజులు అనుకున్నాను.

ఈ విద్య ఆమెకు వంటింట్లో అబ్బింది కాదు. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో ఆమెది ఇరవై ఎనిమిదేళ్ల పని. మొదట పత్తి కుప్ప ముందు కూర్చుని ఆకు, పుల్ల, పసుపు పచ్చబడ్డ పోగులు ఏరే ఆడవాళ్లలో ఒకతె. తర్వాత ఆ ఆడవాళ్లకు ముకద్దం. ముకద్దం అంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. ఒక ఎత్తు పీట, ఒక స్టీలు టిఫిన్ డబ్బా, ముప్పై మంది మీద అరిచే హక్కు, అంతే. కానీ ఆ పీట మీద కూర్చుని కుప్పలో చెయ్యిపెట్టి "తేమ ఉన్నది, ఆరబొయ్యండ్రి" అందంటే ఆరబోయవలసిందే. పిడికెడు తీసి వెలుగుకు పట్టి "గిది ఇటు, గిది అటు" అందంటే దానికి తిరుగులేదు. తేమ చూడటానికి మిల్లులో మిషన్ ఉంది. సేటు ఆ మిషన్ వైపు చూశాక ఒకసారి మా అత్త వైపు కూడా చూసేవాడట.

నాది మంథని. గోదావరి ఒడ్డు, వడ్లు పండే ఊరు. "వడ్ల పిల్లవు, నీకు పత్తి సంగతి ఏం ఎర్క!" అని నా పెళ్లినాటి నుంచీ ఆమె దెప్పుడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? "వడ్లు లేకుంటె మీ పత్తి వండుకుంటరా?" అనేదాన్ని. అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు. నాకు ఆ అవకాశం లేకపోయింది.

పెళ్లిలో మా అవ్వ, అంటే మా అమ్మ, ఆమెకు పెట్టిన చీర ఇంకో పంచాయితీ. లేత నీలం పట్టు, వెండి జరీ. కరీంనగర్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, కాళ్లు వాచిపోయి, మా అవ్వ ఏరి తెచ్చింది. మా అత్త దాని మడత విప్పి, చూసి, మళ్లీ మడిచి "బూడిద రంగు చీర పెట్టిండ్రు" అంది. నలుగురి ముందూ అనలేదు, నాతోనే అంది. అయినా నాకు ఒళ్లు మండింది. "బూడిద కాదు అత్తమ్మా, నీలం" అన్నాను. "నాకు రంగులు నేర్పుతవా?" అంది. ఏడు తెలుపులు తెలిసిన మనిషికి నేనేం నేర్పుతాను! చీర బీరువా అడుగుకు పోయింది. ఆ సంగతి మా అవ్వకు నేను చెప్పకపోయినా ఎట్లాగో తెలిసింది. ఈ ఏడాదిన్నరలో వియ్యపురాళ్లిద్దరూ ఫోన్‌లో ఒక్క మాట మాట్లాడుకోలేదు.

మొన్న డిసెంబరులో ఎవరూ అనుకోనిది జరిగింది. అత్త మంచిదని పంపిన కుప్పలో పచ్చబడ్డ పత్తి బయటపడింది. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి. రెండు వారాలకు మళ్లీ అదే తప్పు. సేటు కోప్పడలేదు. "రుక్మాబాయి, పండగ దాక ఇంట్ల జర ఆరాం చెయ్యి. పండగైనంక సోమవారం వచ్చి ఒక కుప్ప చూసి చెప్పు. సరిగ్గ చెప్తె నీ పీట నీదే" అన్నాడట. సరిగ్గా చెప్పకపోతే ఆ పీట మా వాడకట్టులోనే ఉండే బుచ్చవ్వది అవుతుంది. బుచ్చవ్వ పదిహేనేళ్లుగా అత్త పక్కన కూర్చుని పత్తి ఏరుతున్న మనిషి.

ఇదంతా నా భర్త సంతోష్ బయట విని వచ్చి చెప్పాడు. అత్త మాత్రం ఇంట్లో వేరే పాట పాడింది. "మిల్లుల కొత్త లైట్లు పెట్టిండ్రు. పీనుగు లైట్లు. గా వెలుతురుల ఎవలకేం కనపడ్తది?" అంది. కానీ అన్నం సగంలో వదిలి లేస్తోంది. పీట పోతే ఆమె మాట పోతుంది. ఆ మాట మీదే బతికిన మనిషిని చూస్తుంటే, ఎంత పోట్లాడుకున్నా, నాకు బాధేసింది.

సరిగ్గా ఆ సోమవారానికి ముందే మా ఇంట్లో హల్దీకుంకుమ. అత్త పుట్టిల్లు పెన్‌గంగ అవతలి మరాఠీ ఊరు. సంక్రాంతి వెళ్లాక ముత్తయిదువలను పిలిచి, పసుపు కుంకుమ ఇచ్చి, చేతిలో నువ్వులుండ పెట్టి "తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అనడం వాళ్ల పద్ధతి. నువ్వులు బెల్లం తినండి, తియ్యగా మాట్లాడండి అని. ఏడాది పొడుగునా మిరపకాయలు దంచినట్టు మాట్లాడి, ఒక్క పూట ఈ మాట అనే మా అత్తను చూస్తే నాకు నవ్వాగదు.

ఈసారి ఆమె "నాకు పానం మంచిగ లేదు, అంత నువ్వే చూస్కో" అంది. బెంగతో అన్న మాటే. అయినా నేను రెచ్చిపోయాను. వాడకట్టులో ఎవరింటికి పోయినా మసాలా పాలే కదా, మన ఇంట్లో వేరేది ఉండాలనుకున్నాను. ఫోన్‌లో ఒక వీడియో చూసి పెట్టుకున్నాను. తెల్ల చాక్లెట్ కరిగించి, వేడి పాలలో కలిపి, ఒక్కో గిన్నెకు ఒక్కో రంగు వేసి, పైన మీగడ నురగ. ఆదిలాబాద్ చలికి చేతిలో వేడి గ్లాసు, గ్లాసులో గులాబీ, పసుపు, నీలం! వైట్ హాట్ చాక్లెట్ అని దాని పేరు.

"చాక్లెట్ నల్లగుంటది గదనే?" అంది అత్త.

"ఇది తెల్లది అత్తమ్మా. చూడు."

ఆమె చాక్లెట్ బిళ్లను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, అటూ ఇటూ తిప్పింది. పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు నేను ఆమె వెనకే నిలబడ్డాను. "తెల్లగనే ఉన్నది. పాల తెలుపు" అంది. నేను పొంగిపోయాను. నేను తెచ్చిన వస్తువుకు ఆ ఇంట్లో మొదటి రకం రావడం అదే మొదటిసారి. ఆ పొంగులో ఇంకేమీ ఆలోచించలేదు.

"మరి తెల్లగున్నదానికి రంగెందుకే? మా మిల్లుల తెలుపుకు రంగు తగిల్తె ధర పడిపోతది" అంది మళ్లీ.

"మీ మిల్లు వేరు, నా వంటిల్లు వేరు" అన్నాను.

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టాను. మరిగే నీళ్ల మీద గిన్నె పెట్టి, అందులో చాక్లెట్ ముక్కలు వేసి కలుపుతుంటే వెన్నలా కరిగింది. ఇల్లంతా కమ్మటి వాసన. గులాబీ రంగు కోసం బీట్‌రూట్ రసం నాలుగు చెంచాలు పోశాను, అంతే. నిగనిగలాడుతున్నది కాస్తా బిగుసుకుని, ముద్దలు ముద్దలై, తడిసిన సున్నంలా తయారైంది. కలిపినకొద్దీ ఇంకా గట్టిపడింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గరిటె సింకులో విసిరేశాను.

ఆ చప్పుడుకు అత్త వచ్చింది. గిన్నెలో వేలు పెట్టి, రెండు వేళ్ల మధ్య నలిపింది. కళ్లు మూసుకుని నలిపింది.

"తేమ తగిలింది" అంది.

"పాడైంది అత్తమ్మా, పారబోస్త."

"ఏం పాడు కాలే. సగం తడిసింది గనుక అలిగింది. తడిపితె నిండ తడపాలె, లేకుంటె తడపనే వద్దు. పాలు కాగినయా? ఇటు తే."

వేడి పాలు ఒక్కో గరిటె పోస్తూ, చేతికి విసుగు లేకుండా కలిపింది. మొదట ఉండలు ఈదాయి. తర్వాత చిన్నవయ్యాయి. తర్వాత గిన్నెలో మళ్లీ నునుపు వచ్చింది, లేత గులాబీ రంగుతో. నేను నోరు తెరిచి చూస్తున్నాను. "పత్తికైనా పాలకైనా తేమ సంగతి చెయ్యికి ఎర్కైతది. మిషన్‌కేం ఎర్క!" అంది. పది రోజుల తర్వాత ఆమె గొంతులో పాత అత్త వినిపించింది.

ఆ ఊపులో నేను చాక్లెట్‌ను ముందే పాలలో కలిపేసి, పసుపు రంగు కోసం కుంకుమపువ్వు వేసిన గిన్నె కూడా ముగించాను. ఇక మిగిలింది నీలం. కేకుల సామాన్ల దుకాణంలో తెచ్చిన చిన్న సీసా అత్త చేతిలో పెట్టి, "నేను చీర కట్టుకొని వస్త, మూడో గిన్నెల రెండు చుక్కలు వెయ్యి అత్తమ్మా. రెండే" అని చెప్పి వెళ్లాను.

చీర కట్టుకుని వచ్చేసరికి వాకిట్లో చెప్పులు నిండిపోయాయి. పద్నాలుగు మంది ఆడవాళ్లు. అందరిలో ముందు బుచ్చవ్వ. నేను పసుపు కుంకుమలు ఇస్తుంటే, అత్త తనే పళ్లెంలో గాజు గ్లాసులు పెట్టుకుని వచ్చింది. గులాబీ గ్లాసులు బాగున్నాయి. పసుపు గ్లాసులు బాగున్నాయి. మూడో వరుస చూసి నేను కుంకుమ గిన్నె వదిలి లేచాను. అవి నీలం కావు, సిరా బుడ్లు.

"ఏందత్తమ్మా ఇది?" అన్నాను చెవిలో.

"నువ్వు రెండన్నవ్. ఎన్ని చుక్కలేసినా రంగు పడలే. సీసల ఉన్నదంత పోసిన. అయినా సూడు, బూడిద తీర్గనే ఉన్నది" అంది, తగ్గు గొంతుతో.

బూడిద. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. అది ఎక్కడో తేల్చుకునేలోపే ఆడవాళ్లు గ్లాసులందుకున్నారు, వింత రంగని చాలామంది నీలానివే. చలికి ఊదుకుంటూ తాగారు. కమ్మగా ఉందన్నారు. బుచ్చవ్వ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. నాలుక, పళ్లు, పెదాలు అన్నీ నీలం. పక్కామె చూసి పక్కున నవ్వింది. నవ్విన ఆమె నోరూ నీలమే. క్షణంలో గది నిండా నీలం నోళ్లు, ఒకరి నాలుక ఒకరికి చూపించుకుంటూ, కడుపులు పట్టుకుని నవ్వులు.

అత్త ఒక్కతే నవ్వలేదు. పళ్లెం పట్టుకుని ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తోంది. వాళ్లు దేనికి నవ్వుతున్నారో ఆమెకు తెలియడం లేదు. ఆ మొహం చూసినప్పుడు నాకు అర్థమైంది. బీరువా అడుగున చీర. మిల్లులో పచ్చ పత్తి. బిస్కెట్ రంగులో ఉన్న చాక్లెట్ బిళ్లకు ఇచ్చిన పాల తెలుపు. అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి.

"ఏం రంగు పోసినవ్ రుక్మక్కా, బట్టలకేసే నీలిమందా?" అని అడిగింది ఒకామె.

సోమవారం ఇంక మూడు రోజులే ఉంది. ఎదురుగా బుచ్చవ్వ కూర్చుని ఉంది.

"అత్తమ్మ కాదు, నేనే పోసిన" అన్నాను గట్టిగా. "మూత ఊడి సీసంత పడ్డది. మంథని పిల్లకు వంటొస్తదా అని అత్తమ్మ అప్పటి నుంచి తిడుతనే ఉన్నది."

మళ్లీ నవ్వులు. నా మీద. పోతే పోయింది నా పరువు, వడ్ల పిల్లకు ఆ మాత్రం పరువు మళ్లీ పండుతుంది. అత్త నా వైపు చూసింది. అందరి చేతుల్లో నువ్వులుండలు పెట్టి "గోడ్ గోడ్ బోలా" అంది.

అందరూ వెళ్లాక, ఇంకా పొద్దు ఉండగానే, వంటింట్లో గ్లాసులు కడుగుతుంటే వచ్చి నిలబడింది.

"ఎందుకు అబద్ధమాడినవే?"

నేను మిగిలిన నీలం గ్లాసు ఎత్తి చూపించాను. "అత్తమ్మా, నిజం చెప్పు. గిది ఏం రంగు?"

చాలాసేపు చూసింది. "బూడిద" అని, అట్లాగే గోడకు ఆనుకుని కింద కూర్చుంది. "అందరు నీలమంటున్నరు. నాకు నీలం కనపడ్తలేదే."

"ఎప్పటి నుంచి?"

"ఎట్ల ఎర్కైతది? ఒక్క దినంల పోతె పోయిందని ఎర్కైతది. దినాం ఇంత, దినాం ఇంత పోయింది. నేను లైట్లనే తిట్టిన."

నాకు ఏడుపొచ్చింది. ఏడాదిన్నర నేను ఆమెను పొగరుమోతు అనుకున్నాను. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. అదీ ఎంతసేపు? రెండు నిమిషాల్లో, కంటి డాక్టర్‌కు చూపిద్దామనగానే, కళ్లు తుడుచుకుని మొండికేసింది. "కంటికి ఆపరేషనంటె పీట పోతది. సోమవారం పోత. చెయ్యితోటి చూసి చెప్త. నువ్వు సంతోష్‌కు చెప్పకు" అంది. తెలుపును చేత్తో ఎట్లా చూస్తావని అడిగితే, "గది నా ఫికర్" అంది.

మర్నాడు పొద్దున్నే బుచ్చవ్వ వచ్చింది. పళ్ల సందుల్లో ఇంకా నీలం. వచ్చీ రాగానే అత్త ఎదురుగా కూర్చుంది.

"రుక్మక్కా, నీకు కంట్ల పొర వచ్చింది. నిన్న నీ కోడలు మంచిగనే కప్పిపెట్టింది గని, నాకు దీపావళి నుంచే ఎర్క."

"ఏం ఎర్క నీకు?" అత్త గయ్యిమంది.

"నువ్వు ఇటేసిన పచ్చ పత్తిని నేను అటేసుకుంట వచ్చిన. దినాం. నడుమ రెండుసార్లు నాకు జ్వరమొచ్చి ఒక్కో దినం పనికి రాలే. గా రెండు దినాలే నువ్వు దొరికినవ్."

నా కుప్పలో చెయ్యి పెట్టడానికి నువ్వెవరివని లేస్తుందేమోనని నేను భయపడ్డాను. అత్త మొహం ఎర్రబడింది, తర్వాత మెత్తబడింది.

"అగ బాయి! మరి పీట నీకే వచ్చేది గదనే. ఎందుకు చెప్పలే?"

"నీ పక్కన కూసుండి పని నేర్చిన. నువ్వు కింద పడితె చూసి ఎక్కుడు నాకెందుకు? కన్ను బాగు చేయించుకో. అందాక పీట మీద నేను కూసుంట. నువ్వు రాంగనే లేస్త."

అత్త లేచి లోపలికి పోయి, డబ్బాలో మిగిలిన నువ్వులుండలన్నీ తెచ్చి బుచ్చవ్వ కొంగులో పోసింది. తియ్యగా మాట్లాడమని మాత్రం అనలేదు. అవసరం లేకపోయింది.

సోమవారం ఇద్దరూ కలిసే మిల్లుకు పోయారు. అత్త కుప్ప ముట్టుకోలేదట. "సేట్, నా కంట్ల పొర వచ్చింది. తప్పు లైట్లది కాదు, నాది. నెల టైమియ్యి. అప్పుడు గూడ తప్పు చెప్తె పీట నేనే ఇచ్చిపోత" అని తనే చెప్పిందట. సేటు సరేనన్నాడు.

వారంలో కంటి దవాఖానలో కుడి కంటికి ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఇంకా టైముంది. నల్ల అద్దాలు తీయవచ్చని డాక్టర్ చెప్పిన రోజు నుంచి మా ఇంట్లో శాంతి లేదు. ఒక కన్ను మూసి చూడటం, రెండో కన్ను మూసి చూడటం. "ఈ కంటికి తెలుపు, ఈ కంటికి పచ్చ! ఈ కంటికి తెలుపు, ఈ కంటికి పచ్చ!" అని గోడలు, దుప్పట్లు, సంతోష్ బనీన్లు, అన్నీ తనిఖీ చేసింది. వంటింటి గోడకు ఇంత జిడ్డుందని నాకు అప్పుడే తెలిసింది. ఆమెకూ అప్పుడే తెలిసింది, అదే నా ఖర్మ. చివరికి ఫ్రిజ్ తెరిచి, మిగిలిన చాక్లెట్ బిళ్ల తీసి వెలుగుకు పట్టింది.

"ఏందే గిది? పచ్చగున్నది! గిది తెలుపని ఎవడన్నడు?"

"నువ్వే అన్నవ్ అత్తమ్మా. పాల తెలుపన్నవ్."

"నేనన్ననా? గా కన్నుతోటి అని ఉంట. గిది ఏడో రకం. అవతల పెట్టు!"

ఆ మాటకు అంత సంతోషపడతానని నేను కలలో కూడా అనుకోలేదు. నవ్వుతూ ఏడుస్తూ అవతల పెట్టాను.

నెల నిండిన సోమవారం మిల్లుకు పోయింది. ఏం జరిగిందో సాయంత్రం బుచ్చవ్వ చెప్పింది. సేటు మూడు రకాలు కలిపి పోయించిన కుప్పను అత్త ఐదు కుప్పలు చేసిందట. మూడే కదా అని సేటు అంటే, "నీకు మూడు" అందట. ఆ తర్వాత ఆయన చొక్కా వైపు ఒక కన్ను మూసి చూసి, "సేట్, నీ అంగీ గూడ రెండో రకమే" అందట. పీట మీద నుంచి బుచ్చవ్వ అప్పటికే లేచి నిలబడి ఉందట.

అత్త కాళ్లు కడుక్కుని వచ్చి, "గా తెల్ల చాక్లెట్ పాలు చెయ్యి. నీలంది. రంగు నేనే వేస్త" అంది. నేను చాక్లెట్ కరిగించి పాలు కలిపాను. కొత్త సీసా తెచ్చి ఇచ్చాను. ఆమె సీసాను వంచి, ఊపిరి బిగబట్టి, ఒకటి, రెండు అని లెక్కపెట్టి ఆపేసింది. కలిపింది. గ్లాసులో లేత నీలం విరిసింది. ఒక కన్ను మూసి చూసింది. రెండో కన్ను మూసి చూసింది. తాగకుండా గ్లాసు పట్టుకుని గదిలోకి పోయింది.

బీరువా తెరిచిన చప్పుడు వినిపించింది. నేను గుమ్మంలోంచి తొంగిచూశాను. అడుగున ఉన్న చీరను ఒళ్లో వేసుకుని, దాని పక్కన గ్లాసు పట్టుకుని కూర్చుంది. రెండూ ఒకటే రంగు. పాలు చల్లారిపోతున్నాయని చెప్పాలనిపించింది, చెప్పలేదు.

"మీ అవ్వకు ఫోన్ కలుపు" అంది, తల ఎత్తకుండా.

కలిపి ఇచ్చాను. అటు మా అవ్వ హలో అంది. ఇటు మా అత్త చీరను ఒళ్లో సర్దుకుంది.

"వదినా, నేను రుక్మాబాయిని. నువ్వు పెట్టిన చీర ఇయ్యాల ముట్టింది."